కాళ్లున్న సరుకు



బియ్యం బస్తాలు ఎక్కించి తాడు బిగిస్తే లారీ డ్రైవరుకు సగం పని అయిపోయినట్టే. సిమెంటయినా, ఇటుకలయినా, ఇసుకయినా అంతే. పెట్టినచోటే పడి ఉంటాయి. మలుపు వస్తే బస్తా బెదరదు. బ్రేకు వేస్తే ఇటుక పక్క ఇటుక కాలు తొక్కదు. పశువుల లారీ సంగతి వేరు. అందులో సరుకు నిలబడి ప్రయాణం చేస్తుంది. దానికి కాళ్లున్నాయి, కొమ్ములున్నాయి, దాహముంది, భయముంది. మలుపులో ఒక పక్కకి ఒరుగుతుంది. గతుకులో కాలు జారితే కూలబడుతుంది. కూలబడ్డదాన్ని పక్కవి తొక్కేస్తాయి. అందుకే పశువుల లారీ నడిపేవాడు సగం డ్రైవరు, సగం గొడ్లకాపరి. ఈ రెండు పనులూ ఒక్క మనిషిలో బాగా కలిసిపోయిన చోటు ఆస్ట్రేలియా నడిబొడ్డు. ఇవాళ్టి ప్రసంగం ఆ ఎర్రమట్టి దారుల్లో తిరిగిన పాత లారీల గురించి, వాటిని నడిపినవాళ్ల గురించి.

ఆస్ట్రేలియా ఉత్తరాన నార్తర్న్ టెరిటరీ అనే ప్రాంతం ఉంది. విస్తీర్ణంలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు ఐదింతలు. జనాభా మాత్రం ఈనాటికీ మూడు లక్షలు దాటలేదు. దాని దక్షిణ భాగంలో, దేశానికి నట్టనడుమ, ఆలిస్ స్ప్రింగ్స్ అనే ఊరు. చుట్టూ పశువులను పెంచే పెద్ద పెద్ద క్షేత్రాలు. వాటిని అక్కడివాళ్లు స్టేషన్లంటారు. ఒక్కో స్టేషన్ వేల చదరపు కిలోమీటర్లుంటుంది. పొరుగిల్లంటే వంద కిలోమీటర్లు. గొడ్లు తమంతట తాము మేస్తూ, బావులూ చెలమలూ ఉన్నచోట నీళ్లు తాగుతూ తిరుగుతుంటాయి. పాతరోజుల్లో ఏడాదికి ఒకటి రెండుసార్లు మనుషులు గుర్రాలెక్కి వెళ్లి, చెదిరిన మందను దొడ్డిలోకి తోలుకొచ్చి, అమ్మవలసినవాటిని వేరుచేసేవారు. అసలు చిక్కు ఆ తర్వాత మొదలయ్యేది. కొనేవాళ్లుండేది వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల అవతల.

మరి ఎలా చేర్చేవాళ్లు? నడిపించేవాళ్లు.

మన పల్లెల్లో గొడ్లు నడిచే డొంకలూ పుంతలూ ఉన్నట్టే అక్కడా మందల కోసం విడిగా దారులుండేవి. ఆ దారుల వెంట వెయ్యి, పదిహేను వందల పశువులను తోలుకుపోయేవాళ్లను డ్రోవర్లనేవారు. ఒక పెద్ద, ఒక వంటమనిషి, గుర్రాలను చూసుకునే కుర్రాడు, చుట్టూ కాసే నలుగురైదుగురు కాపర్లు. రోజుకు పదహారు కిలోమీటర్లు నడిస్తే బాగా నడిచినట్టు. అంతకన్నా తొందరపెడితే గొడ్డు చిక్కిపోతుంది. రాత్రి మంద పడుకున్నాక కాపర్లు వంతులవారీగా గుర్రాల మీద చుట్టూ తిరుగుతూ సన్నగా పాడేవాళ్లు. మంద చెవికి ఏదో ఒక మనిషి గొంతు ఆగకుండా వినబడుతుంటే, పుల్ల విరిగిన చప్పుడుకు ఉలిక్కిపడి లేవదని వాళ్ల అనుభవం. ఉలిక్కిపడి లేచిందా, చీకట్లో వెయ్యి గొడ్లు ఒక్కసారిగా పరుగు తీసేవి. ఆ దారిలో ఎవరున్నా ఇక చెప్పేదేముంది!

1950లో ఎడ్నా జిగెన్‌బైన్ అనే 23 ఏళ్ల యువతి చేసిన ప్రయాణం ఒకటుంది. పడమటి ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతం నుంచి మంద బయల్దేరింది. దారిలో తండ్రి ఆగిపోవలసి వస్తే ఆమె పెత్తనం తీసుకుంది. పదిహేను వందలకు పైగా ఎద్దులను క్వీన్స్‌లాండ్‌లోని దజారా అనే రైలు ఊరి దాకా తోలుకెళ్లింది. 2,240 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ఇంచుమించు కాశ్మీరు దాకా గొడ్లను నడిపించినట్టు. నెలల తరబడి గుర్రం మీదే. పత్రికలు ఆమె ఫొటోలు వేశాయి. ఆడపిల్ల మందను నడిపించడమేమిటని ఆశ్చర్యపోయాయి. అంతకన్నా ఆశ్చర్యపడవలసినది మరొకటుంది. ఆ దారిలో నీళ్లెక్కడుంటాయో, మంద ఏ పూట ఎంత నడవగలదో, ఏ ఎద్దు ముందు నడిస్తే మిగతావి కుదురుగా వెంట వస్తాయో, ఇదంతా ఆమెకు నోటికి వచ్చు. ఆ విద్య పుస్తకంలో దొరికేది కాదు.

నడక దారులన్నీ ఇంత చక్కని కథలు కావు. 1906లో ఆల్ఫ్రెడ్ కానింగ్ అనే సర్వేయరు పడమటి ఎడారుల గుండా ఒక పశువుల దారికి కొలతలు తీశాడు. ఆ తర్వాత 1908 నుంచి 1910 దాకా ఆ దారి పొడుగునా 51 బావులు సిద్ధం చేశారు. దాదాపు 1,850 కిలోమీటర్ల దారి. నీటి జాడలు చూపించడానికి కానింగ్ బృందం అక్కడి ఆదివాసులను గొలుసులతో కట్టి వెంట తిప్పుకుంది. దానిమీద 1908లో ప్రభుత్వం విచారణ జరిపింది, కానింగ్‌ది తప్పు కాదని తేల్చింది. ఆ గొలుసులను తలుచుకోకుండా ఆ దారి గురించి మాట్లాడకూడదు. అంత చేసినా ఆ దారిన మందలు నడిచింది తక్కువే. చివరి మంద 1959లో నడిచింది.

నడకకు ఇంకో ఖరీదు కూడా ఉండేది. బయల్దేరేటప్పుడు నిగనిగలాడే కోడె, చేరేసరికి పక్కటెముకలు లెక్కపెట్టేట్టు ఉండేది. కసాయి కొట్టుకు అది పనికిరాదు. మళ్లీ ఎక్కడో పచ్చిక ఉన్నచోట నెలల తరబడి మేపి కండ పట్టించాలి. మంద నడిచినంత దూరమూ జబ్బులూ నడిచేవి. పశువుల ఊపిరితిత్తులను తినేసే ప్లూరో న్యుమోనియా అలాగే దేశమంతా తిరిగింది. అది తమ దేశంలో లేదని ఆస్ట్రేలియా చెప్పుకోగలిగింది 1973లో.

రైలు కొంత నయం చేసింది. 1929లో దక్షిణం నుంచి ఆలిస్ స్ప్రింగ్స్‌కు సన్నపట్టాల రైలు వచ్చింది. అంతకుముందు ఆ ఊరికి పిండి, పంచదార, టీ అన్నీ ఒంటెల బిడారుల మీదే చేరేవి. ఆ ఒంటెలను తోలినవాళ్లు అఫ్ఘానిస్తాన్, బెలూచిస్తాన్, మన ఉత్తరాది ప్రాంతాల నుంచి వెళ్లినవాళ్లు. రైలు వచ్చాక దక్షిణపు సంతలకు పశువులు పెట్టెల్లో వెళ్లడం మొదలైంది. అయితే రైలు దాకా ఎలాగూ నడవాల్సిందే. మూడు, నాలుగు వందల కిలోమీటర్లు నడిచి, అలసిపోయి, రైలుపెట్టె ఎక్కి, మళ్లీ రోజుల తరబడి నిలబడాలి.

ఇక లారీ దగ్గరకు వద్దాం.

1934లో ఇంగ్లండు నుంచి ఒక వింత వాహనం వచ్చింది. ఏఈసీ కంపెనీ తయారీ. ముందు ఎనిమిది చక్రాల లారీ, ఆ ఎనిమిదింటికీ ఇంజను బలం అందుతుంది. వెనక ఎనిమిదేసి చక్రాల ట్రెయిలర్లు రెండు. డీజిల్ ఇంజను, 130 అశ్వశక్తి. సామ్రాజ్యంలో రోడ్లు లేని మూలలకు సరుకు చేర్చడానికి అలాంటివి మూడు తయారుచేశారు. ఒకటి సోవియట్ దేశానికి, ఒకటి ఇప్పటి ఘానాకు, ఒకటి ఆస్ట్రేలియాకు వెళ్లాయి. దాన్ని గవర్నమెంట్ రోడ్ ట్రెయిన్ అనేవాళ్లు. రోడ్డు మీద రైలన్నమాట. పదిహేను టన్నుల దాకా సరుకు వేసుకుని, ఇసుక వాగులు దాటుకుంటూ, ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి ఉత్తరానికి తిరిగింది. రోడ్డనదగ్గది లేనిచోట అది దారి చేసుకుంటూ పోయింది. అది మోసింది మనుషులకు కావలసిన సరుకే. కానీ ఊళ్లో ఒక కుర్రవాడు దాని ట్రెయిలర్లు మలుపు తిరిగే తీరును కన్నార్పకుండా చూశాడు.

ఆయన పేరు కర్ట్ యోహాన్సెన్. 1915లో ఆలిస్ స్ప్రింగ్స్‌కు దక్షిణాన డీప్‌వెల్ అనే స్టేషన్‌లో పుట్టారు. తండ్రి రాతిపని తెలిసిన మనిషి. ఎడారిలో పెరిగిన పిల్లవాడికి ఇనుమూ, చెక్కా, తీగముక్కా దేన్నీ పారెయ్యకపోవడం పుట్టుకతోనే వస్తుంది. కుర్రతనంలోనే స్టేషన్లకు టపా చేరవేసే లారీ నడిపారు. లారీ చెడిపోతే మెకానిక్కు వచ్చే దారి లేదు. విడిభాగం కావాలంటే నెలలు పడుతుంది. దారిలో ఏం విరిగినా దారిలోనే బాగుచేసుకోవాలి. అలాంటివాళ్లను అక్కడ బుష్ మెకానిక్కులంటారు. మన దగ్గరా ఉన్నారు అలాంటివాళ్లు. హైవే పక్క చింతచెట్టు కింద, గోనెపట్టా పరుచుకుని గేరుబాక్సు విప్పే మేస్త్రీలు. యోహాన్సెన్‌ది ఆ కులమే.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక ఒకసారి ఆయన మేలుజాతి ఆబోతులను లారీలో 320 కిలోమీటర్ల దూరంలోని ఒక స్టేషన్‌కు చేర్చారు. ఇరవై పశువులు పట్టే లారీ అది. అవి ఒక్కటీ చిక్కిపోకుండా, కుంటకుండా దిగాయి. అప్పుడు ఆయనకు ఒక సవాలు ఎదురైంది. ఇరవై కాదు, ఒక్కసారే వంద పశువులను మోసే బండి చేసిపెట్టగలవా? పెట్టుబడికి రెండు వేల పౌన్ల దాకా డబ్బూ సమకూరింది.

వంద పశువులంటే లారీ వెనక ట్రెయిలర్ కట్టాలి. ఒకటి చాలదు. అక్కడే ఉంది తంటా. ఎడ్లబండి వెనక ఇంకో బండి కట్టి సందు మలుపు తిప్పి చూడండి. ముందు బండి మలుపు దాటుతుంది, వెనకది లోపలికి కోసుకుపోయి గోడకు గుద్దుకుంటుంది. మూడోది కడితే ఇంకా లోపలికి లాగుతుంది. ఆనాటి స్టేషన్ దారులు చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ, ఎండిపోయిన వాగుల్లోకి నిటారుగా దిగి ఎక్కేవి. వాగు ఒడ్డున వెనక ట్రెయిలర్ చెట్టుకు తగిలిందంటే అందులోని పశువుల గతి ఆలోచించాలి. యోహాన్సెన్ కుర్రతనంలో చూసిన ఆ గవర్నమెంటు బండి కిటుకును గుర్తుకు తెచ్చుకున్నారు. ట్రెయిలర్ ముందు చక్రాలు ఎటు తిరిగితే వెనక చక్రాలు దానికి ఎదురు దిక్కుకు తిరిగేలా కలిపి కట్టారు. దాంతో ప్రతి ట్రెయిలరూ ముందు బండి గాడిలోనే వచ్చింది. బారులో ముందు చీమ నడిచినచోటే వెనక చీమ నడుస్తుంది చూడండి, అచ్చం అలా.

లాగడానికి ఇంజను కావాలి. యుద్ధం మిగిల్చిన సామాను అప్పట్లో చౌకగా వేలానికి వచ్చేది. డైమండ్ టి అనే అమెరికన్ లారీని ఆయన కొన్నారు. యుద్ధంలో ట్యాంకులను మోసిన రకం అది. హెర్క్యులిస్ డీజిల్ ఇంజను, 200 అశ్వశక్తి. ట్యాంకును మోసినదానికి గొడ్లొక లెక్కా? దానికి బెర్తా అని పేరుపెట్టారు. రెండు ట్రెయిలర్లూ ఆయన సొంత చేతుల పని. మొదలుపెట్టిన రెండేళ్లకు బెర్తా తన ట్రెయిలర్లతో దారికెక్కింది. ఆ తర్వాత ఫ్రైటర్ అనే ట్రెయిలర్ల కంపెనీ ఆ పనితనాన్ని చూసి, అదే పద్ధతిలో ఆయనకూ, మరికొందరికీ ట్రెయిలర్లు చేసిపెట్టింది. ఈనాటి రోడ్ ట్రెయిన్లకు ఆదిపురుషుడు యోహాన్సెనే అని ఆస్ట్రేలియా ఒప్పుకుంటుంది. 1992లో ఆయన తన జీవితకథ రాసుకున్నారు. 2002లో కన్నుమూశారు.

బండి తయారైంది సరే, దాన్ని నడిపే పని ఎలాంటిది?

ఎక్కించడం దగ్గర మొదలుపెడదాం. మందను ముందురోజే దొడ్డిలోకి తెచ్చి, కొన్ని గంటల పాటు మేతా నీళ్లూ ఆపుతారు. వినడానికి కఠినంగా ఉంటుంది. కానీ కడుపునిండా పచ్చిక మేసిన గొడ్డు లారీ ఎక్కితే గంటలో కింది పలకంతా పేడా మూత్రమూ పారి, నున్నటి జారుడుబండ అవుతుంది. జారిన గొడ్డు లేవదు. అందుకే ఈ ఉపవాసం. ఆ తర్వాత సన్నటి తడికల సందులోంచి ఒక్కొక్కటిగా ఏటవాలు బల్ల మీదుగా ట్రెయిలర్‌లోకి తోలతారు. ఇక్కడ అరుపులూ ములుకోలలూ ఎక్కువ వాడినవాడు దారిపొడుగునా దాని ఫలితం అనుభవిస్తాడు. బెదిరి ఎక్కిన గొడ్డు బెదురుతూనే ఉంటుంది. పెద్దగా అరవకుండా, ముందు నెమ్మదైన రెండు గొడ్లను ఎక్కించి, మిగతావి వాటి వెంట నడిచేలా చేయడం మంచి డ్రైవరు లక్షణం. ఎడ్నా మంద ముందు ఏ ఎద్దు నడవాలో చూసుకున్న విద్యే ఇది.

ఎన్ని ఎక్కించాలి? వదులుగా నింపితే బ్రేకు వేసినప్పుడల్లా ఒకదానిమీద ఒకటి పడతాయి. మరీ కిక్కిరిస్తే పడ్డది లేవలేదు. ఒకదాన్ని ఒకటి ఆనుకుని నిలబడేంత దగ్గరగా, పడితే లేచేంత వదులుగా. ఇప్పుడైతే కొలతలున్నాయి. ఆస్ట్రేలియా ప్రమాణాల్లో 500 కిలోల పశువుకు ఒకటింబావు చదరపు మీటరు కన్నా కొంచెం తక్కువ చోటు. మన మోటారు వాహనాల నిబంధనల్లో ఆవుకో గేదెకో రెండు చదరపు మీటర్లు. 1978 నాటి మన పశు రవాణా నిబంధనలైతే సరుకు లారీలో ఆరు పశువులకు మించి ఎక్కించకూడదన్నాయి. ఆ మాట కాగితం మీద ఎంత చక్కగా ఉందో, సంతల రోజున మన రోడ్ల మీద అంత చక్కగా అమలైతే బాగుండును. పాతకాలపు ఆస్ట్రేలియా డ్రైవర్లకు పట్టిక లేదు. కన్నే కొలత.

ఎక్కించాక ప్రయాణం రాత్రికి పెట్టుకునేవాళ్లు, చల్లబడుతుందని. బయల్దేరిన కొద్దిసేపటికే లారీ ఆపి, టార్చిలైటు పట్టుకుని ఒక్కో ట్రెయిలర్ పక్కన నడుస్తూ చువ్వల సందుల్లోంచి కాళ్లు చూడాలి. ముఖాలు కాదు, కాళ్లు. అన్ని కాళ్లూ నిలువుగా ఉన్నాయా? ఎక్కడన్నా వెన్ను నేలకు తగిలి కనిపిస్తోందా? ఒకటి పడితే డ్రైవరు చువ్వలు పట్టుకుని పైకెక్కుతాడు. పడ్డదాని చుట్టూ ఉన్నవాటిని కర్రతో మెల్లగా వెనక్కి నెట్టుకుంటూ, దాని తల ముందు చోటు చేస్తాడు. ఆవు లేచే పద్ధతి మన పల్లెవాళ్లకు తెలిసినదే. తల ముందుకు విసిరి, ఆ ఊపుతో ముందు నడ్డి లేపుతుంది, ఆ తర్వాత ముందుకాళ్లు. గుర్రానిది దీనికి తిరగేసిన వరస. తల విసరడానికి జాగా లేకపోతే ఎంత బలిసిన ఎద్దయినా లేవలేదు. ఆ జాగా ఇవ్వడమే చీకట్లో, కొమ్ముల మధ్య, ఒంటరిగా ఆ డ్రైవరు చేసే పని. తెల్లారేలోపు ఎన్నిసార్లు ఆపాలో చెప్పలేం.

దారి సంగతి. అక్కడి మట్టిదారుల్లో బుల్‌డస్ట్ అనే ఒక దుమ్ము ఉంటుంది. గోధుమపిండిలా మెత్తగా, పైకి సాపుగా కనిపిస్తుంది. కింద మోకాలిలోతు గుంట. చక్రం దిగితే కమాను పట్టీలు పటుక్కుమంటాయి. ముందు బండి లేపిన ఎర్రదుమ్మంతా చివరి ట్రెయిలర్‌లోని పశువుల మీదే పడుతుంది. పంక్చరయితే ఆపి, చక్రం ఊడదీసి, రేకుల మధ్య నుంచి టైరు విప్పి, అతుకేసి, మళ్లీ బిగించాలి. ఎండ నలభై దాటి ఉంటుంది. లారీ కదులుతుంటే పశువులకు గాలి తగులుతుంది. ఆగిందంటే ఇనుప ట్రెయిలర్ పొయ్యిమీది పెనమవుతుంది. వంద ప్రాణాలు లోపల రొప్పుతుంటే, బయట మనిషి సుత్తి పట్టుకుని టైరుతో కుస్తీ పడుతుంటాడు. ఆ తొందర బియ్యం లారీ డ్రైవరుకు తెలియదు. చాలా దూరపు ప్రయాణాల్లో పశువులను మధ్యలో ఏదో దొడ్డిలో దించి, నీళ్లు పెట్టి, నడ్డి వాల్చనిచ్చి మళ్లీ ఎక్కించాలి. అవి పడుకున్న ఆ కాసేపే మనిషికీ నిద్ర. ట్రెయిలర్ నీడలో గుడ్డ పరుపు చుట్ట విప్పుకుని, ముల్గా అనే చెట్టు కట్టెల నిప్పు మీద కాచిన టీ తాగి, కునుకు తీసేవాడు.

1950ల చివరి నుంచి 1960ల నడిమి దాకా మధ్య ఆస్ట్రేలియాను కరువు పట్టింది. ఏళ్లకేళ్లు వాన లేదు. మందలు నడిచే దారుల్లో గడ్డిపోచ లేదు, చెలమల్లో నీళ్లు లేవు. నడిపిస్తే సగం దారిలోనే చస్తాయి. అలాంటప్పుడు మేత ఉన్నచోటికి మందలను చేర్చగలిగింది లారీలే. కరువు అయ్యేసరికి నడక దారులను నమ్ముకునేవాళ్లు తగ్గిపోయారు. అదే రోజుల్లో ప్రభుత్వమూ మాంసం ఎగుమతుల మీద ఆశతో ఉత్తరాది అంతటా పశువుల లారీల కోసం రోడ్లు వేయించింది. బీఫ్ రోడ్లనే పేరుతోనే వేశారు. రోడ్లు తిన్నగా, వెడల్పుగా అయ్యేకొద్దీ యోహాన్సెన్ చక్రాల కిటుకు అవసరం తగ్గింది. మామూలు ట్రెయిలర్లనే ఒకదాని వెనక ఒకటి తగిలించి లాగసాగారు.

ఎడ్నా నెలల పాటు నడిపించిన దూరాన్ని లారీ రెండు మూడు రోజుల్లో చుట్టేస్తుంది. పశువు కండ కరగదు, జబ్బు దారిపొడుగునా పాకదు. ఇది నిజంగా మేలే. నడకే బాగుండేదని ఆ దాహం చూసినవాళ్లెవరూ అనరు. కానీ ఆ మేలు కొందరి బతుకుల మీదుగా వచ్చింది.

డ్రోవర్ల పని పోయింది. కొందరు గుర్రం దిగి లారీ ఎక్కారు. గొడ్డు చూపు చూసి దాని మనసు తెలుసుకునే ఆ మనుషులకు స్టీరింగు నేర్చుకోవడం ఎంతసేపు! అందరికీ ఆ అవకాశం రాలేదు. స్టేషన్లలో పనిచేసిన కాపర్లలో చాలామంది ఆదివాసులు. తమ తాతముత్తాతల నేల మీదే కూలీలుగా, పిండికీ టీకీ పంచదారకీ, అంతంతమాత్రం జీతానికీ పనిచేసినవాళ్లు. 1966 ఆగస్టులో వేవ్ హిల్ స్టేషన్‌లో విన్సెంట్ లింగియారి నాయకత్వాన సుమారు రెండు వందల మంది గురింజి ప్రజలు పని మానేసి నడిచిపోయారు. సమాన జీతంతో మొదలైన ఆ పోరాటం నేల హక్కు పోరాటమైంది. 1975లో ప్రధాని గఫ్ విట్లమ్ అక్కడికి వచ్చి, లింగియారి అరచేతిలో పిడికెడు మట్టి పోశారు, ఇది మీదేనని ఒప్పుకుంటూ. 1968 చివర్లో సమాన జీతాల తీర్పు అమల్లోకి వచ్చినప్పుడు చాలా స్టేషన్లు ఆదివాసి కాపర్లను పనిలోంచి తీసేశాయి. మందను నెలల తరబడి నడిపే అవసరం అప్పటికే లారీల వల్ల తగ్గిపోయింది. తీసెయ్యడం యజమానులకు మరీ తేలికైంది.

గురింజి ప్రజలు ఇప్పుడు ఉంటున్న ఊళ్లలో ఒకటి కల్కరింజి. దాని మీదుగా పోయే రోడ్డు పేరు బంటైన్ హైవే. ఉత్తరాదిలో పశువుల లారీల పెద్ద సంస్థను నడిపిన నోయెల్ బంటైన్ పేరది. ఒక దేశం ఒక రోడ్డుకు గొడ్ల లారీలు నడిపిన మనిషి పేరు పెట్టడం మనసుకు నచ్చే సంగతి. ఆ రోడ్డు పక్కనే లింగియారి మనుషులు నడిచిన దారీ ఉంది. రెండింటినీ ఒకే ప్రయాణంలో చూడవచ్చు. చూడాలి కూడా.

ఇక మన తెలుగువాళ్ల చెవిన పడవలసిన మాట ఒకటి. ఈనాడు ఆ ఉత్తరాది లారీల్లోంచి బయటికి చూసే పశువుల మూపురాలు గమనించండి. వేలాడే గంగడోలు, తెల్లటి లేక బూడిద రంగు ఒళ్లు, పొడుగాటి కాళ్లు. ఎక్కడో చూసినట్టుంటుంది. ఇంగ్లండు జాతుల గొడ్లు ఉత్తరాది ఎండకూ, పిడుదులకూ ఆగలేక చస్తుంటే 1933లో అమెరికా నుంచి బ్రాహ్మన్ జాతి పశువులను క్వీన్స్‌లాండ్‌కు తెచ్చారు. అమెరికాలో ఆ జాతిని తయారుచేసింది గుజరాత్ గిర్, కాంక్రేజ్ జాతులతో పాటు కృష్ణా లోయ పశువుల నుంచి, మన ఒంగోలు గిత్తల నుంచి. విదేశాల్లో ఒంగోలు పశువులను నెల్లూరు పేరుతో పిలుస్తారు. ప్రకాశం, గుంటూరు నల్లరేగడిలో పుట్టిన రక్తం అలా సముద్రాలు దాటి ఎర్రమట్టి ఎడారి చేరింది. డ్రైవర్లకు ఈ జాతి కొత్త పాఠం నేర్పింది. బ్రాహ్మన్ గొడ్డు చురుకైనది, మనిషి కదలికను ఇట్టే పసిగడుతుంది. నెమ్మదిగా మాట్లాడుతూ తోలితే వెంట వస్తుంది. కసిరితే తడికలు దూకుతుంది. ఒంగోలు కోడెను మచ్చిక చేసుకున్న మన రైతుకు ఈ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు.

బెర్తా ఇప్పుడు ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఉంది. 1995లో అక్కడ రోడ్డు రవాణాకు ఒక జాతీయ ప్రదర్శనశాల తెరిచారు. 1934 నాటి ఆ గవర్నమెంటు బండీ అక్కడే చేరింది. డ్రోవర్లకూ కాపర్లకూ క్వీన్స్‌లాండ్‌లోని లాంగ్‌రీచ్‌లో 1988లోనే విడిగా ఒక స్మారకశాల వచ్చింది. గుర్రం మీద తిరిగినవాళ్లు అక్కడ, లారీ మీద తిరిగినవాళ్లు ఇక్కడ. ఆలిస్ స్ప్రింగ్స్‌లో పాత డ్రైవర్లు ఆగస్టు నెలలో కలుసుకుంటారు. గోడ మీద డ్రైవర్ల పేర్లూ ఫొటోలూ ఉంటాయి. మన జాతీయ రహదారుల మీద అరవై డెబ్బై ఏళ్లుగా తిరిగిన లారీ డ్రైవర్లకు అలాంటి గోడ ఒకటి ఉన్నట్టు వినలేదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఒకటి కడితే ఎంత బాగుంటుంది!

ఇవాళ్టి పశువుల రోడ్ ట్రెయిన్ 53.5 మీటర్ల పొడుగు దాకా ఉండవచ్చు. మూడు ట్రెయిలర్లు, ఒక్కోదానిలో రెండంతస్తులు, అరవైకి పైగా టైర్లు, నూట యాభై దాకా పశువులు. డ్రైవరు ఎదుట చల్లటి గాలి, వెనక మంచం, శాటిలైట్ ఫోను. ఆ బండి డార్విన్ రేవు దారి పడుతుంది. అక్కడ ఓడెక్కిన పశువుల్లో ఎక్కువ భాగం ఇండోనేషియాకు పోతాయి. అక్కడి సుంబా దీవిలో డచ్చివాళ్ల కాలం నాడు దిగిన ఒంగోలు సంతతి ఈనాటికీ ఆ పేరుతోనే ఉంది. ఒంగోలు రక్తం రెండు వేరువేరు దారుల్లో సముద్రం దాటి మళ్లీ ఒకే దేశంలో ఎదురుపడుతోందన్నమాట.

రేవు దొడ్డి దగ్గర డ్రైవరు ఏటవాలు బల్లకు ట్రెయిలర్‌ను అంగుళం తేడా లేకుండా ఆనిస్తాడు. సందుంటే గిట్ట ఇరుక్కుంటుంది. తలుపు తెరిచి, ఒక పక్కకు తప్పుకుని నిలబడతాడు. మొదటి పశువు వెలుతురు చూసి ఆగుతుంది, నేల వాసన చూస్తుంది, అడుగేస్తుంది. మిగతావి వెంట దిగుతాయి. దిగినవాటిని లెక్కపెట్టుకుని, నడక చూసుకుని, నీళ్ల గొట్టం పట్టి ఆరు అంతస్తులూ కడుగుతాడు. ఆ పని రెండు మూడు గంటలు పడుతుంది. తర్వాత టైర్లు ఒక్కొక్కటీ తట్టి చూసి, మళ్లీ దక్షిణానికి బయల్దేరతాడు. అక్కడెక్కడో ఆరు వందల కిలోమీటర్ల అవతల, ఒక దొడ్డిలో రేపటి మంద మేతా నీళ్లూ మాని నిలబడి ఉంటుంది.